పెళ్లి ఫోటోల్లో లేని మనిషి

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు కనుక ఆయనను గుర్తుపట్టే వివరాలు తీసివేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయన వయసు 36 ఏళ్లు, సొంత ఊరు ప్రొద్దుటూరు. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్ చెల్లింపుల సేవలు అందించే సంస్థలో ఏడేళ్లుగా పనిచేస్తున్నారు. పగలంతా వసూలైన సొమ్మును లెక్కగట్టి, ఏ వ్యాపారికి ఎంత చేరాలో తేల్చి బ్యాంకుకు ఫైలు పంపే సెటిల్‌మెంట్ వ్యవస్థ ఆయన చేతిలో ఉంది. అది తొమ్మిదేళ్ల నాటిది. రాసినవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు సంస్థలో లేరు. ఒకప్పుడు నలుగురు చూసిన పనిని రెండేళ్లుగా ఇద్దరే చూస్తున్నారు. వారం విడిచి వారం ఆన్‌కాల్ (ఏ వేళ పిలిచినా పలకవలసిన వంతు) అని పేరే గానీ, సహోద్యోగి వంతు వచ్చిన వారంలో కూడా ఫోను తిరిగి తిరిగి ఈయన దగ్గరికే వస్తుంది. లెక్కల పని రాత్రి ఒంటిగంటకు మొదలవుతుంది, ఎక్కడైనా ఆగితే రెండింటి ప్రాంతంలో అలర్ట్ మోగుతుంది. ఆగిన పనిని గుడ్డిగా మళ్లీ నడిపితే కొందరు వ్యాపారులకు సొమ్ము రెండుసార్లు వెళ్లే ప్రమాదం ఉంది. ముందుగా ఏ టేబుల్‌లో (లెక్కలు దాచే పట్టికలో) ఏ వరుసలు సరిచేయాలో ఈయన ఒక్కరికే తెలుసు. నాలుగేళ్ల కూతురు ఆ మోత విని, "సర్వర్ ఏడుస్తోంది, నాన్న ఎత్తుకోవాలి" అంటుందట.

మొన్న మాఘమాసంలో జమ్మలమడుగులో ఆయన బావమరిది పెళ్లి జరిగింది. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఆయన కల్యాణ మండపం వెనక కారులో కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్, స్టీరింగు పక్కన హాట్‌స్పాట్ పెట్టిన ఫోను ఉంచుకుని, నిండిపోయిన డిస్కులోని పాత లాగ్ ఫైళ్లు (సర్వర్ తన పనిని నమోదు చేసుకునేవి) తుడుస్తున్నారు. ఆడపడుచు దంపతులు రావాలని పీటల దగ్గరికి పిలిస్తే ఆయన భార్య ఒక్కరే వెళ్లి నిలబడ్డారు. ఆమె గొడవ పెట్టుకోలేదు. నెల తరువాత ఆల్బం చేతికి వచ్చినప్పుడు, "అంతా వెదికాను, ఒక్క ఫోటోలో కూడా నువ్వు లేవు" అని మాత్రం అన్నారు. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఇంటి అప్పుకు ఇంకా పదకొండేళ్ల వాయిదాలు ఉన్నాయి. ప్రొద్దుటూరులో తండ్రికి జరగవలసిన కంటి శుక్లాల ఆపరేషను, తోడు వెళ్లే తీరిక ఈయనకు లేక, రెండుసార్లు వెనక్కి పోయింది. కూరగాయల దుకాణంలో ఎవరి ఫోనైనా అదే మోత మోగితే తన గుండె దడదడలాడుతోందని కూడా రాశారు.

ఇప్పుడు ఆయన ముందు మూడు దారులున్నాయి. ఉన్నచోటే మేనేజరుగా పదోన్నతి ఇస్తామంటున్నారు. మరో సంస్థ 30 శాతం ఎక్కువ జీతానికి పిలుస్తోంది. లేదంటే ఇంటి నుంచి చేసే ఉద్యోగం ఏదైనా చూసుకుని ప్రొద్దుటూరు వెళ్లిపోవాలి. "మింగలేక కక్కలేక ఉన్నాను, ఏది ఎంచుకోమంటారు?" అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని వాక్యాలు లెక్కపెట్టాను. పెళ్లి రాత్రి డిస్కు ఎలా నిండిందో, ఏ ఫోల్డరు ఖాళీ చేస్తే చోటు దొరికిందో, నాలుగున్నరకు ఫైలు బ్యాంకుకు ఎలా చేరిందో చెప్పడానికి మీరు పంతొమ్మిది వాక్యాలు వెచ్చించారు. మీ శ్రీమతి అన్న మాటకు ఒకే ఒక వాక్యం ఇచ్చారు. మిమ్మల్ని తప్పుపట్టాలని ఈ లెక్క చెప్పడం లేదు. ఆ పంతొమ్మిది వాక్యాల్లో మీ కలం ఎంత హుషారుగా నడిచిందో ఒకసారి మీరే చదివి చూసుకోండి. అక్కడ ఏం చేయాలో మీకు తెలుసు, చేయగానే ఫలితం కళ్లెదుట కనిపించింది, మరునాడు పన్నెండుమందికి తెలిసేలా మీ పైఅధికారి మెచ్చుకోలు మెయిలు పంపారు. ఆ ఒక్క వాక్యం దగ్గర మాత్రం మీకు ఏ బటనూ దొరకలేదు.

ఈ మాట చెప్పే చనువు నాకెందుకంటే, నేనూ ఇరవై ఏళ్లకు పైగా సర్వర్లు కాచే కొలువులోనే గడిపాను. ఏ యంత్రాన్ని ముందు ఆపాలి, దేన్ని తరువాత లేపాలి అన్న క్రమాన్ని ఎక్కడా రాయకుండా నా తలలోనే దాచుకున్నాను, అది నా కొలువుకు కోటగోడ అనుకున్నాను. ఒక ఏడాది టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టాను. నేను లేకపోతే నడవవనుకున్న సర్వర్లను ఇద్దరు కొత్త కుర్రాళ్లు రెండు రోజులు తడబడి, మూడో రోజు నుంచి నడిపేశారు; నేర్చుకున్న క్రమాన్ని అర పేజీలో రాసి గోడకు అంటించారు. నేను తిరిగి వెళ్లి ఆ కాగితం చూసి సంతోషించలేదు, చిన్నబుచ్చుకున్నాను. ఆ చిన్నబుచ్చుకోవడం మీలోనూ కొంత ఉండవచ్చునని నా అనుమానం. సహోద్యోగి వంతులో కూడా ఫోను మీకే వస్తున్నదంటే, ఆయనకు చేతకాక కొంత, మీరు ఎత్తకుండా ఉండలేక కొంత.

అందుకని మీరు అడిగిన మూడు దారుల కంటే ముందు, మీరు అడగని ఒక ప్రశ్నను తేల్చుకోవాలి. రాత్రి రెండింటికి ఒక మనిషి నిద్ర లేవవలసిన అవసరం నిజంగా ఎంత? బ్యాంకుకు ఫైలు చేరవలసిన గడువు ఉదయం ఎనిమిది గంటలని, మొత్తం పని మొదటినుంచి నడవడానికి నలభై నిమిషాలు పడుతుందని మీరే రాశారు. ఆ లెక్కన రెండింటికి ఆగిన పనిని అయిదున్నరకు లేచి సరిచేసినా గడువుకు గంటన్నర పైగా మిగులుతుంది. మరి రెండింటికే ఎందుకు మోగుతోంది? తొమ్మిదేళ్ల కిందట ఎవరో అలా పెట్టారు కనుక మోగుతోంది, ఆ తరువాత దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. అప్పట్లో గడువు వేరేగా ఉండేదేమో. వచ్చే నాలుగు వారాలు ఒక పని చేయండి. మోగిన ప్రతి అలర్ట్‌ను ఒక పట్టికలో రాయండి: ఎన్నింటికి మోగింది, మీరు ఏం చేశారు, తెల్లవారేదాకా వదిలేసి ఉంటే ఎవరికి ఏం నష్టం జరిగేది. మూడో గడి నింపేటప్పుడు నిజాయితీగా ఉండండి. "ఏమీ జరిగేది కాదు" అని రాయడానికి మొదట చేయి రాదు.

అక్కరలేని అలర్ట్ నిద్రతో పాటు జాగ్రత్తను కూడా చెడగొడుతుంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో ఎనిమిది సర్వర్లకు ఎక్కించవలసిన కొత్త కోడును ఏడింటికే ఎక్కించారు. మిగిలిన ఒక్కదానిలో ఏళ్ల కిందట వాడకం మానేసిన పాత కోడు మళ్లీ లేచి, సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే ఆ లోపాన్ని పట్టిచ్చే 97 మెయిళ్లు సిబ్బందికి వెళ్లాయని, వాటిని ఎవరూ పట్టించుకోలేదని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ విచారణలో తేలింది. అలాంటి మెయిళ్లను వచ్చినప్పుడల్లా చూసే అలవాటు అక్కడ లేదు. పదోన్నతి సంగతి మాట్లాడే రోజున మీ పైఅధికారికి ఈ కథ చెప్పండి. మీ అలసట గురించి చెబితే ఆయన సానుభూతి చూపి ఊరుకుంటారు. సంస్థ సొమ్ముకు ఉన్న ప్రమాదం గురించి చెబితే నోటుపుస్తకం తీస్తారు.

ఇక ఆ డిస్కు సంగతి. పెళ్లి రాత్రి తుడిచారు, ఆ తరువాత మరో మూడుసార్లు తుడిచానని రాశారు. పాత లాగ్ ఫైళ్లను కుదించి, ఫలానా రోజులు దాటినవాటిని తొలగించే ఏర్పాటు సర్వర్లను నడిపే లినక్స్‌లో ఏనాటినుంచో ఉంది; లాగ్‌రొటేట్ అనే ఆ సాధనానికి పది వరుసల సెట్టింగు రాస్తే ఆ బెడద తీరుతుంది. ఇది మీకు తెలియదని నేను అనుకోను. "కొత్త ఫీచర్ల పనే ముందు" అనే మాట అడ్డువచ్చి ఉంటుంది, ఒప్పుకుంటాను. అయితే మంట ఆర్పినవాడికి మెయిలు వస్తుంది గానీ మంట పుట్టకుండా చూసినవాడికి రాదన్న సంగతి కూడా ఎక్కడో పనిచేసి ఉంటుంది. ఒంటిగంట పని ఆగితే మళ్లీ నడపడానికి భయపడవలసి రావడం దీనికంటే పెద్ద మరమ్మతు. ప్రతి చెల్లింపుకూ ఎన్నిసార్లు నడిపినా మారని గుర్తింపు సంఖ్య ఒకటి ఇచ్చి, ఆ సంఖ్యతో ఇప్పటికే వెళ్లినదాన్ని వ్యవస్థే దాటవేసేలా రాస్తే, రెండుసార్లు సొమ్ము వెళ్లే భయం పోతుంది, సిస్టమే తనంతట మూడున్నరకు మరొకసారి ప్రయత్నించగలుగుతుంది. తొమ్మిదేళ్ల కోడులో ఇది మూడు నాలుగు నెలల పని కావచ్చు. మీరు ఏ దారి ఎంచుకున్నా మీ తరువాత వచ్చేవాడు మిమ్మల్ని తలచుకునేది ఈ ఒక్క పనికే.

మీరు చేతితో పునరుద్ధరిస్తున్నానన్న వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్ల గురించి కూడా ఒక మాట. ఇన్నాళ్లూ ఏడాదికి ఒకసారి క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటే సరిపోయేది, ఎందుకంటే 2026 మార్చి వరకు వాటి గరిష్ఠ గడువు 398 రోజులు. బ్రౌజర్ల సంస్థలూ సర్టిఫికెట్లు జారీచేసేవాళ్లూ 2025లో చేసుకున్న తీర్మానం ప్రకారం ఆ గడువు 2026 మార్చి నుంచి 200 రోజులకు, 2027 మార్చి నుంచి 100 రోజులకు, 2029 మార్చి నుంచి 47 రోజులకు తగ్గుతుంది. చేత్తో చేసే పద్ధతి ఇక సాగదు. దీన్ని అడ్డం పెట్టుకునైనా, మరమ్మతులకు వారంలో ఒక రోజు కావాలని అడగండి.

ఇద్దరితో ఆన్‌కాల్ అంటే ఏడాదిలో ఒక్కొక్కరికి 26 వారాలు, నలుగురైతే 13. ఇలాంటి పనికి గూగుల్‌లో బెన్ ట్రెయినర్ అనే ఇంజినీరు 2003లో మొదలుపెట్టిన బృందాలు, ముందువరుసలో ఒకరు, వెనక తోడుగా ఒకరు రాత్రీ పగలూ ఉండాలంటే ఒకే ఊళ్లోని బృందానికి కనీసం ఎనిమిదిమంది కావాలని అనుభవం మీద లెక్కకట్టాయి. ఒక ఇంజినీరు వేళలో సగానికి మించి ఇలాంటి నిర్వహణ పనికి పోకూడదన్న హద్దు కూడా పెట్టుకున్నాయి. మీ సంస్థ గూగుల్ కాదు, ఎనిమిదిమందిని ఇవ్వదు. కానీ మీ పైఅధికారి మాటకు ముందొకసారి వెనకొకసారి "99.99 శాతం" (వ్యవస్థ అంతసేపు ఆగకుండా నడవాలని) అంటుంటారని రాశారు కదా, 30 రోజుల నెలలో ఆ లెక్కకు ఆగే వీలు నాలుగు నిమిషాల పైచిలుకు మాత్రమే. నిద్రలేచి, కళ్లు తుడుచుకుని, లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డు కొట్టేలోపే ఆ నాలుగు నిమిషాలు అయిపోతాయి. ఇద్దరు మనుషుల నిద్ర తాకట్టు పెట్టి నిలబెట్టుకోగలిగిన మాట కాదది. 99.9 అయితే 43 నిమిషాలు దొరుకుతాయి. కాగితం మీద ఖాతాదారులకు ఇచ్చిన హామీ ఏదో ముందు కనుక్కోండి. చాలాచోట్ల నోటితో చెప్పేదానికంటే అది తక్కువే ఉంటుంది.

ఇప్పుడు మీ మూడు దారులు. మేనేజరు కుర్చీలో కూర్చుంటే అలర్ట్‌లు ఆగుతాయని మీరు ఆశపడుతున్నారు. జాబితాలో మీ పేరు మొదటి వరుస నుంచి రెండో వరుసకు జరుగుతుంది, అంతే. ఆ టేబుల్ రహస్యం మీ తలలో ఉన్నంతకాలం మీ కింద పనిచేసే కుర్రాడు రాత్రి రెండుంబావుకు మిమ్మల్నే లేపుతాడు. మీ చోటుకు ఇద్దరిని తీసుకుంటామని కాగితం మీద ఇస్తేనే ఆ పదవి వల్ల మేలు. అలా ఇస్తే మటుకు, అలర్ట్‌లలో ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో నిర్ణయించే అధికారం మొదటిసారి మీ చేతికి వస్తుంది. అది చిన్న లాభమేమీ కాదు.

కొత్త సంస్థలో 30 శాతం ఎక్కువ వస్తే ఇంటి అప్పు మీద ముందస్తు చెల్లింపులు చేయవచ్చు, నిజమే. అక్కడా ఎవరో రాసి వదిలేసిన వ్యవస్థ ఒకటి మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది; దాని గుట్టుమట్లు తెలియని మొదటి ఆరు నెలలు ఇప్పటికంటే కష్టంగా గడుస్తాయి. ఇంటర్వ్యూలో "పని ఒత్తిడి ఎలా ఉంటుంది?" అని అడగకండి, అందరూ బాగుంటుందనే చెబుతారు. ఆన్‌కాల్ వంతులో ఎంతమంది ఉన్నారు, గత నెలలో రాత్రి పదకొండు తరువాత ఎన్నిసార్లు లేవవలసి వచ్చింది, లేచిన మరునాడు సెలవు ఇస్తారా, పోయినసారి పెద్ద అంతరాయం వచ్చినప్పుడు ఎవరి మీద తోశారు అని అడగండి. మేనేజరుతో పాటు, ఆ వంతులో ఉన్న ఒక ఇంజినీరుతో పది నిమిషాలు మాట్లాడనివ్వమని కోరండి. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే. మీ నోటీసు వ్యవధి 90 రోజులు అన్నారు. ఆ మూడు నెలలు అప్పగింతలకు సరిపోతాయి గానీ, రాజీనామా ఇచ్చాక కూడా ఫోన్లు ఎత్తే మనిషి మీరు. అది ఇప్పుడే మానుకోవాలి.

ప్రొద్దుటూరు దారి మీద మీకు మక్కువ ఉన్నట్టు మీ రాతలో తెలుస్తోంది. తల్లిదండ్రుల దగ్గర ఉండవచ్చు, మారతహళ్లి అద్దెలూ అవుటర్ రింగు రోడ్డు ట్రాఫిక్కూ తప్పుతాయి. కానీ అలర్ట్‌కు ఊరితో పనిలేదు, జమ్మలమడుగులో కారులో మీరే చూశారు. పైగా ఈ దారికి మీ శ్రీమతి ఉద్యోగం, పాప బడి రెండూ ముడిపడి ఉన్నాయి, నాలుగు పేజీల్లో ఆమె ఏమంటున్నారో ఒక్క మాట లేదు. అడిగారా? అడగకుండానే ఆమె సంతోషిస్తారని అనుకున్నారా? మూడింటిలోనూ వెనక్కి తిరగడానికి కష్టమైనది ఇదే, కనుక ఇది ఆఖరున తేల్చవలసింది. ఏ దారీ పట్టకుండా, ఉన్నచోటే ఆరు నెలలు గట్టిగా మరమ్మతులు చేసి చూడటం నాలుగో దారి. దానికీ ఖర్చుంది. రాత్రుళ్లు మోగడం తగ్గితే మెచ్చుకోలు మెయిళ్లూ తగ్గుతాయి, ఆ ఏడాది అప్రైజల్‌లో మీ పేరు కిందికి జారవచ్చు. దానికి సిద్ధపడితేనే మొదలుపెట్టండి.

సహోద్యోగి విషయంలో ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ఆయన వంతులో అలర్ట్ మోగితే పక్కన కూర్చోండి, లేదా ఫోనులో ఉండండి, కీబోర్డు మాత్రం ముట్టుకోకండి. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నా మీ రన్‌బుక్‌లో (ఏ సమస్యకు ఏం చేయాలో రాసిపెట్టే పుస్తకంలో) ఒక వాక్యం అవుతుంది. నిద్రమత్తులో బుర్ర తేరుకోవడానికి చాలామందికి అరగంట వరకూ పడుతుంది, కాబట్టి దేన్నయినా తుడిచేసే ఆదేశం ఇచ్చే ముందు ఇద్దరూ చూడాలన్న నియమం పెట్టుకోండి.

ఇంటి విషయం నేను చివరికి నెట్టలేదు, మీ ఉత్తరంలో ఉన్న వరుసనే పాటించాను. మీ శ్రీమతి బడి నుంచి వచ్చి, పాపను డేకేర్ నుంచి తెచ్చుకుని, వంట చేసి, పాపను నిద్రపుచ్చుతారని ఒక సగం వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయారు. అదీ ఆన్‌కాలే, ఆమెకు వంతులు మార్చుకునే సహోద్యోగి లేరు. ఆమెకు మీ పని మీద కోపం ఉన్నట్టు నాకు అనిపించలేదు. ఏ రాత్రి మీరు ఇంట్లో ఉన్నట్టు, ఏ రాత్రి లేనట్టు అన్నది ముందుగా తెలియకపోవడమే ఆమెను అలసిపోయేలా చేస్తోందని నా ఊహ. కాబట్టి క్షమాపణల కంటే క్యాలెండరు ఎక్కువ పనికివస్తుంది. మీ వంతు వారాలను వంటింటి క్యాలెండరులో ఎర్రగా చుట్టండి; ఆ వారాల్లో మీరు హాల్లో పడుకోండి, ఆమె నిద్రయినా చెడదు. మీది కాని వారంలో రాత్రి తొమ్మిది తరువాత ఆ అలర్ట్ యాప్‌ను ఆపివేయండి, ఆపారని ఆమె చూడాలి. నాన్నగారి కంటి ఆపరేషనుకు మీది కాని వారంలో తేదీ తీసుకుని, సహోద్యోగికీ పైఅధికారికీ ఇప్పుడే మెయిలు పెట్టండి. శుక్లాల ఆపరేషను చేసిన రోజునే సాధారణంగా ఇంటికి పంపేస్తారు, కానీ తరువాత కొన్ని వారాలు చుక్కల మందు వేళకు వేయాలి. మొదటి మూడు రోజులు మీరు వేయండి.

గుండెదడ సంగతి తేలికగా తీసుకోవద్దు. ముందు రక్తపోటు, షుగరు చూపించుకోండి. అవి బాగానే ఉండి దడ, నిద్రలేమి కొనసాగితే, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. నేరుగా కలవాలంటే హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఉద్యోగం మారితే అదే పోతుందని వాయిదా వేయకండి.

మేనేజరు పదవికి జవాబు చెప్పడానికి నెల రోజుల గడువు అడగండి, ఇస్తారు. ఆ నాలుగు వారాల పట్టిక నిండాక, కావాలంటే, దాన్ని జతచేసి నాకు మళ్లీ రాయండి. ఈలోగా ఒక సాయంత్రం ఆ ఆల్బం ముందు పెట్టుకుని మీ శ్రీమతి పక్కన కూర్చుని, మీరు కారులో ఉన్న ఆ గంటన్నరలో మండపంలో ఏం జరిగిందో ఆమెనే చెప్పమనండి. వచ్చే ఉత్తరంలో దానికి ఒకటి కంటే ఎక్కువ వాక్యాలు ఉండాలి.